కాలువ పక్క స్థలంలో ఆరడుగుల పునాది: ఊటను గోతికి బయటే పట్టిన ఒక కోనసీమ ఇంటి కేస్ స్టడీ

అమలాపురం – ముమ్మిడివరం దారికి కాస్త లోపలగా ఉన్న ఊళ్లో ఆరు సెంట్ల స్థలం. వెడల్పు 45 అడుగులు, పొడవు 58. కట్టాల్సింది పైన ఒక అంతస్తు ఉండే ఇల్లు, ప్లాను 30 × 42 అడుగులు, పిల్లర్లు 12. ఒక్కో ఫుటింగు (పిల్లరు కింద పరిచే కాంక్రీటు పాదం) 5 × 5 అడుగులు, గొయ్యి లోతు నేల మట్టం నుంచి 6 అడుగులు. స్థలం మధ్య నుంచి పంట కాలువ అంచు 30 మీటర్లు ఉంటుంది. తూర్పున పొరుగువారి పాత పెంకుటిల్లు, సరిహద్దు మీదే వాళ్ల ప్రహరీ.

పని మొదలైంది శ్రావణంలో. ఆషాఢం వెళ్లగానే ముహూర్తం పెట్టించుకోవడం ఆనవాయితీ కాబట్టి డెల్టాలో చాలా ఇళ్లకు పునాది పడేది అప్పుడే. నీటి లెక్కన చూస్తే అంతకన్నా చెడ్డ నెల లేదు. కాలువలు నిండుగా పారుతుంటాయి, సార్వా (తొలకరి వరి) ఊడ్పులయ్యి చుట్టూ చేలన్నీ నీళ్లతో ఉంటాయి, గోదావరికి వరద వచ్చేదీ ఆ రోజుల్లోనే. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసినప్పుడు ఇదే గొయ్యి తవ్వితే సగం బాధ తప్పేది. వైశాఖంలోనే ఈశాన్యం మూల చిన్న గొయ్యిలో శంకుస్థాపన చేయించి, వెంటనే పునాదులు లేపేయమని ఇంటివారికి ముందే చెప్పగలిగితే మంచిది. ఈ కేసులో ఆ మాట చెప్పేవాళ్లు లేకపోయారు.

మొదటి ప్రయత్నం ఎందుకు చెడింది

మట్టి పరీక్ష లేకుండా జేసీబీ దించారు. ప్లానంతా ఒకే గొయ్యిగా, 36 అడుగుల వెడల్పున తవ్వకం మొదలైంది. మూడడుగులు పొడిగానే వచ్చింది. మూడున్నర దాటాక అడుగు మెత్తబడి, పరుపు మీద నడిచినట్టు ఊగింది. నాలుగడుగుల దగ్గర నల్లబంకలో పగుళ్లు పడి వాటిలోంచి నీరు చిమ్మింది. "ఊట తగిలింది సార్, ఇంకో మోటారు పెడితే లాగేస్తుంది" అన్నది మేస్త్రి గారి మాట. 3 హెచ్‌పీ మోటారుకు 5 హెచ్‌పీ డీజిల్ ఇంజను తోడైంది. ఐదడుగుల దగ్గర బుగ్గలు లేచాయి. అన్నం ఉడికినట్టు సన్న ఇసుక కుతకుతమంటూ పైకి పొంగింది. ఎంత తవ్వితే అంత ఇసుక తిరిగి నిండింది, పంపులోంచి బూడిద రంగు నీళ్లు పోయాయి. రెండో రోజు తెల్లారేసరికి గోతి అంచులు పెళ్లలుగా కూలాయి, నాలుగున్నర అడుగుల దూరంలోని పొరుగు ప్రహరీకి మెట్లుమెట్లుగా బీట పడింది.

పంపులకు సామర్థ్యం లేక ఇలా జరగలేదు. అవి కావలసిన దానికన్నా ఎక్కువే తోడాయి. గోతిలోంచి తోడటంలోనే తప్పుంది. ఎందుకో తెలియాలంటే కింద ఏముందో చూడాలి.

తర్వాత చేతి బోరు వాళ్లతో 28 అడుగులు వేయించి చూసిన పొరలు ఇవి: పైన అడుగు మెరక మట్టి, 1 నుంచి 5 అడుగుల దాకా నల్లబంక, 5 నుంచి 9 దాకా ఒండ్రు కలిసిన సన్న బూడిద ఇసుక, 9 నుంచి 28 దాకా చేతికి గరుకుగా తగిలే ముతక ఇసుక. డెల్టాలో ఈ వరస చాలాచోట్ల కనిపిస్తుంది, మందాలే ఊరూరికీ మారతాయి. పక్క వీధి ఇంటి అనుభవం ఈ స్థలానికి పనికిరాకపోవచ్చు, ఎందుకంటే పాత ఏరు పారిన చోట బంక రెండడుగులే ఉండొచ్చు, పక్కనే పదడుగులు ఉండొచ్చు.

రెండు గొట్టాలు దించి నీటి మట్టం చూశారు. బంకలోనే ఆగిన నాలుగడుగుల గొట్టంలో నీరు చేరడానికి రెండు రోజులు పట్టింది. 12 అడుగులు దింపి ఇసుకలో తెరిచిన గొట్టంలో పది నిమిషాల్లోనే నీరు నేల మట్టానికి 2 అడుగుల 6 అంగుళాల కింద నిలబడింది. అంటే ఇసుకలో నీరు ఊరికే లేదు, బంక మూత కింద ఒత్తిడితో ఉంది. గొయ్యి పొడిగా ఉందని మూడడుగుల దాకా అందరూ ధైర్యంగా తవ్వడానికి కారణం ఈ మూతే.

లెక్క చిన్నది. బంక అడుగు భాగం నేలకు 1.52 మీటర్ల కింద ఉంది, నీటి మట్టం 0.76 మీటర్ల కింద. కాబట్టి బంకను కింది నుంచి నెట్టే నీటి ఎత్తు 0.76 మీటర్లు, చదరపు మీటరుకు 760 కిలోల ఒత్తిడి. తడి బంక ఘనపు మీటరు బరువు సుమారు 1,750 కిలోలు. ఈ ఒత్తిడిని ఆపాలంటే 760 ÷ 1,750 = 0.43 మీటర్లు, అంటే 17 అంగుళాల బంక మిగిలి ఉండాలి. 60 అంగుళాల్లో 17 తీసేస్తే 43, అంటే 3 అడుగుల 7 అంగుళాలు. నేల పరుపులా ఊగింది సరిగ్గా ఆ లోతు దగ్గరే. అక్కడ ఆపి ఉంటే ప్రహరీ పగిలేది కాదు.

బంక చిరిగాక ఇసుక వంతు. పైకి వచ్చే నీటి వాలు సుమారు ఒకటికి చేరితే, అంటే అడుగు ఇసుక గుండా రావడానికి అడుగు నీటి ఎత్తు ఖర్చయ్యే స్థితి వస్తే, ఇసుక రేణువుల మధ్య ఒరిపిడి పోతుంది. రేణువులు నీళ్లలో తేలుతాయి. గోతిలో నీరు తోడేకొద్దీ లోపలికీ బయటికీ తేడా పెరిగి ఆ వాలూ పెరుగుతుంది. రెండో మోటారు ఊటను తగ్గించదు, బుగ్గకు బలమిస్తుంది.

ముందు పంపులు ఆపడం

గొయ్యి పొంగుతుంటే మొదట చేయాల్సిన పని పంపులు ఆపి గోతిని నీళ్లతో నిండనివ్వడం. చూసేవాళ్లకు ఓడిపోయినట్టుంటుంది గానీ, లోపల నీరు పెరిగితేనే బయటి ఒత్తిడికి ఎదురు ఒత్తిడి దొరుకుతుంది. వరదల్లో ఏటిగట్టు కింద బుగ్గ పడితే దాన్ని మూసేయరు. చుట్టూ ఇసుక బస్తాలతో రింగు కట్టి, లోపల నీటి ఎత్తు పెంచి ఇసుక రాకడ ఆపుతారు. కోనసీమలో ఆ పని తెలియని ఊరు ఉండదు. తన ఇంటి గోతిలోనూ జరిగేది అదేనని మాత్రం చాలామందికి తోచదు. బుగ్గ నోట్లో కంకర కుక్కడం, సిమెంటు బస్తాలు పారేయడం వల్ల అది పక్కన లేస్తుంది, అంతే.

ఇక్కడ గోతిలో రెండడుగులు నీరు నిలవనిచ్చారు. పొరుగు ప్రహరీ వైపు కూలిన అంచుకు ఇసుక బస్తాలు వాలుగా పేర్చారు. తవ్విన మట్టి గోతి అంచు మీదే కుప్పగా ఉంటే దాన్ని ఐదడుగుల అవతలికి తీశారు. ఆ కుప్ప బరువు కూడా అంచును తోసినదే.

ఎంత నీరు, ఎన్ని బోర్లు

డెల్టాలో ఫిల్టర్ పాయింట్ తెలియని రైతు లేడు. తక్కువ లోతులో ఇసుక పొర చూసి, చేతి బోరుతో చిల్లుల గొట్టం దించి, నేల మీద మోటారుతో లాగే బోరు. దాన్నే ఇంటి చుట్టూ వేసి, ఇసుకలోని నీటి మట్టాన్ని తవ్వకానికి ముందే దించేయడం ఇక్కడ ఎంచుకున్న దారి. పెద్ద నగరాల్లో ఇదే పని వెల్ పాయింట్ల సెట్టుతో చేస్తారు. పల్లెలో ఆ సెట్టు దొరకదు, దొరికినా అది నడిపే మనిషి దొరకడు. ఫిల్టర్ పాయింట్ వేసేవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు.

గోతి అడుగు 6 అడుగులు. నీటి మట్టం దానికి కనీసం 2 అడుగుల కిందికి, అంటే 8 అడుగులకు (2.44 మీటర్లు) దిగాలి. 0.76 నుంచి 2.44కి, తగ్గించాల్సింది 1.68 మీటర్లు. ఇసుక పొర మందం 7 మీటర్లు. ఇలాంటి కలగలుపు ఇసుకకు పారగమ్యతను, అంటే అది నీటిని ఎంత తేలికగా పోనిస్తుందో చెప్పే కొలతను, సెకనుకు 0.15 మిల్లీమీటర్లుగా తీసుకున్నారు. బోర్ల వలయం 12 × 16 మీటర్లు, దానికి సమానమైన వృత్తం వ్యాసార్ధం 7.8 మీటర్లు. కాలువ 30 మీటర్ల దూరంలో నిండుగా ఉంది కాబట్టి ప్రభావ దూరంగా, అంటే తోడకం ప్రభావం చేరే దూరంగా, లెక్కలో దాని రెట్టింపు, 60 మీటర్ల చిల్లర వేశారు.

2 × 3.14 × 0.00015 × 7 × 1.68 ను 61 ÷ 7.8 కి సహజ లాగరిథమ్ అయిన 2.06తో భాగిస్తే సెకనుకు 0.0054 ఘనపు మీటర్లు, అంటే 5.4 లీటర్లు. పారగమ్యత అంచనా తప్పే అవకాశం ఎక్కువ కాబట్టి ఒకటిన్నర రెట్లు చేసి 8 లీటర్లకు సిద్ధమయ్యారు. ఆరు బోర్లు, ఒక్కోటి సెకనుకు 1.3 లీటర్లు ఇస్తే చాలు. ఫిల్టర్ పాయింట్‌కు ఇది చాలా తేలిక. తక్కువ బోర్లతో గట్టిగా లాగడం కన్నా ఎక్కువ బోర్లతో మెల్లగా లాగితే ఇసుక రాదు.

ఆరింటిలో మూడు కాలువ వైపు, రెండు ఎదురు వైపు, పొరుగింటి వైపు ఒక్కటే. నీరు వచ్చే దిక్కున ఎక్కువ, పాత ఇల్లున్న దిక్కున తక్కువ. అన్నీ సరిహద్దుకు మూడడుగులు లోపలే.

ఫిల్టర్ పాయింట్ వేసిన తీరు

బోరు 6 అంగుళాలు, లోతు 24 అడుగులు. గొట్టం 3 అంగుళాల పీవీసీ. అడుగున 10 అడుగులు, అంటే 14 నుంచి 24 అడుగుల మధ్య చిల్లుల గొట్టం, దాని చుట్టూ సన్న నైలాన్ మెష్ రెండు చుట్లు, కింద మూత. కొబ్బరి పీచు తాడు దగ్గరగా చుట్టిన పాతకాలపు ఫిల్టరూ రెండు మూడు వారాల పనికి బాగానే సరిపోతుంది.

ఫిల్టరు ఎక్కడ ఉండాలన్నదే ఈ పనిలో అసలు కిటుకు. గొయ్యి తవ్వేది 5 – 9 అడుగుల సన్న ఇసుకలో కదా అని ఫిల్టరు అక్కడ పెడితే చిల్లులు ఒండ్రుతో పూడుకుపోతాయి, లేదా ఇసుక నీటితోపాటు బయటికి వచ్చి పొరుగింటి కింద బోలు పడుతుంది. కింది ముతక ఇసుకలోంచే లాగాలి. కింద ఒత్తిడి తగ్గితే పైనున్న సన్న ఇసుకలోని నీరు తనంతట తాను కిందికి ఇంకుతుంది. నీరు కిందికి దిగే ఇసుక గట్టిపడుతుంది, పైకి ఎక్కే ఇసుక వదులవుతుంది.

గొట్టం చుట్టూ ఖాళీలో 2 – 4 మిల్లీమీటర్ల కడిగిన గులక 24 నుంచి 10 అడుగుల దాకా పోశారు. బోరుకు 50 లీటర్లు, అంటే సిమెంటు సంచితో ఒకటిన్నర. ఇంతకన్నా బాగా తక్కువ పట్టిందంటే మధ్యలో బోరు కూలి గులక వేలాడుతోందని అర్థం, ఆ బోరు మళ్లీ వేయాలి. పైన ఐదడుగులు తడి బంక ముద్దలు వేసి కూరారు. ఆ బంక బిరడా లేకపోతే పై నీరు గొట్టం పక్కనుంచే కిందికి జారి, పనంతా వృథా అవుతుంది.

ప్రతి బోరునూ విడిగా గంట సేపు ఆపుతూ వేస్తూ తోడారు. మొదటి పావుగంట బురద నీళ్లు వస్తాయి, రావాలి కూడా. తేటపడ్డాక 20 లీటర్ల బకెట్ నింపి పావుగంట కదపకుండా ఉంచాలి. అడుగున తేరిన ఇసుక చిటికెడుకు, అంటే అర గ్రాముకు మించితే ఆ బోరును లైనులో కలపకూడదు. ఆరింటిలో ఒకటి ఈ పరీక్షలో తప్పింది. తీసి చూస్తే మెష్ అతుకు దగ్గర చిరిగి ఉంది.

మూడేసి బోర్లకు ఒక 2 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు, 3 అంగుళాల సక్షన్ లైను (బోర్ల నుంచి మోటారు నీరు లాగే గొట్టం). లైను బోరు నుంచి మోటారు వైపు కొద్దిగా ఎక్కుతూ పోవాలి. మధ్యలో ఒంటె వీపులా లేస్తే అక్కడ గాలి చేరి మోటారు నీరు వదిలేస్తుంది. ప్రతి కొమ్మకూ ఒక బాల్ వాల్వు, నీటిని వెనక్కి పోనివ్వని ఒక నాన్ రిటర్న్ వాల్వు. ఈ వాల్వుల ఖర్చు దగ్గర చేయి బిగిస్తే తర్వాత రాత్రిళ్లు మేలుకోవాలి. మూడింటిలో ఒక బోరు గాలి లాగితే మిగతా రెండూ ఆగిపోతాయి.

సక్షన్ మీద వాక్యూమ్ గేజి పెట్టడం డెల్టాలో అలవాటు లేదు. పెట్టాలి. ఇక్కడ సరిగా నడిచినన్నాళ్లూ ముల్లు పాదరసం 11 అంగుళాల చుట్టూ ఉంది. ముల్లు సున్నా వైపు జారితే ఎక్కడో గాలి లీకు. 20 వైపు ఎక్కితే ఫిల్టరు పూడుతోంది, లేదా వాల్వు ఎవరో మూశారు. సక్షన్ వైపు లీకును సబ్బు నురగ పట్టించదు, గాలి లోపలికి పోతుంది కాబట్టి బుడగ రాదు. అగరుబత్తి వెలిగించి ప్రతి అతుకు దగ్గరా పట్టుకుంటే పొగ లోపలికి వంగిన చోటే లీకు.

నేల మీది మోటారు సిద్ధాంతం ప్రకారం 10 మీటర్ల లోతు నుంచి లాగగలదు, చేతల్లో ఆరేడు మీటర్లే. ఇక్కడ చిల్లులు మొదలయ్యే 14 అడుగుల (4.3 మీటర్ల) కిందికి బోరులో మట్టం దిగితే గాలి వస్తుంది కాబట్టి అదే హద్దు. గొయ్యి 10 అడుగులు దాటే పనైతే ఈ పద్ధతి చాలదు, సబ్‌మెర్సిబుల్ మోటార్లు దించాలి.

కరెంటు రోజుకు 95 యూనిట్ల దాకా కాలింది. తాత్కాలిక కనెక్షన్ ముందే తీసుకోవాలి. తడి నేల మీద మోటార్లు, ఆ పక్కనే కూలీలు, అందుకని 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) లేకుండా స్విచ్ వేయనివ్వకూడదు. కరెంటు పోతే ఎక్కించడానికి 5 హెచ్‌పీ డీజిల్ ఇంజనును లైనుకు బిగించే ఉంచారు. దానికి గంటకు లీటరు డీజిల్ చొప్పున 12 గంటల సరుకు సైటులో ఉండాలి.

తోడిన నీరు ఎక్కడికి పోవాలన్నది చివర్లో తట్టే ప్రశ్న. పక్కనే కాలువ ఉంది కదా అని అందులోకి వదిలితే అనుమతి మాట అటుంచి, అందులో కొంత మళ్లీ గోతి వైపే రావచ్చు. పొరుగు చేలోకి వదిలితే తగువు. 70 మీటర్ల ట్యూబు వేసి ఊరి మురుగు డ్రెయినుకు పంపారు. ట్యూబు మూతి దగ్గర 200 లీటర్ల డ్రమ్ము పెడితే గట్టు కోతా ఆగుతుంది, నీటి కొలతా తెలుస్తుంది.

నడిపిన లెక్క

ఇంటి మధ్యలో రెండు, అంచుల్లో రెండు, మొత్తం నాలుగు చోట్ల అంగుళం గొట్టాలు 12 అడుగులు దించారు. టేపుకు సుద్ద రాసి వదిలితే తడిసిన గీత దగ్గర మట్టం తెలుస్తుంది. మొదలు పెట్టినప్పుడు 2 అడుగుల 6 అంగుళాలు. గంటకు 5 అడుగులు, ఆరు గంటలకు 7, ఇరవై నాలుగు గంటలకు 8 అడుగుల అంగుళం. డ్రమ్ము నిండటానికి కాలువ వైపు లైనుకు 75 సెకన్లు, రెండో లైనుకు 83 సెకన్లు. కలిపి సెకనుకు 5.1 లీటర్లు. 5.4 అన్న అంచనాకు ఇంత దగ్గరగా రావడం అదృష్టమే. పారగమ్యత విషయంలో రెట్టింపు తేడా వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

తవ్వకానికి ముందే ఒక పరీక్ష చేశారు. కావాలనే రెండు మోటార్లూ ఆపి గడియారం చూశారు. మధ్య గొట్టంలో నీరు 8 అడుగుల నుంచి గోతి అడుగైన 6 అడుగులకు రావడానికి 35 నిమిషాలు పట్టింది. కరెంటు పోయాక ఇంజను ఎక్కించడానికి ఉన్న గడువు ఇదే. అందుకే రాత్రి కాపలాకు పెట్టేది ఊరికే కూర్చునే మనిషిని కాదు, ఇంజను తిప్పడం వచ్చిన మనిషిని. అతనికి 15 నిమిషాల హద్దు పెట్టారు.

గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు. స్థలం ఏటిగట్టుకు దగ్గరైతే ఆ కబురు విన్నాక కొత్త గొయ్యి తెరవకూడదు. నది మట్టం పెరిగినప్పుడు ఇసుకలో ఒత్తిడి గట్టు ఇవతలకూ వస్తుంది.

తవ్వకం, కాంక్రీటు

ఈసారి ప్లానంతా తెరవలేదు. పిల్లరుకో గొయ్యి, ఆరేసి చొప్పున రెండు విడతలు. బంకలో వాలు అడుగు లోతుకు అరడుగు, ఇసుకలో అడుగుకు అడుగు. అడుగున చివరి 6 అంగుళాలు జేసీబీ ముట్టలేదు, పారతోనే తీశారు. జేసీబీ బకెట్ పళ్లు కెలికిన ఇసుక తనంతట తాను మళ్లీ గట్టిపడదు.

బంక పగుళ్లలోంచి కొద్దిగా పక్క నీరు వస్తూనే ఉంది. అది ఫిల్టర్ పాయింట్లకు అందదు. గోతి వాలు పాదం వెంట 9 అంగుళాల చిన్న కాలువ తీసి 20 ఎం.ఎం. కంకర నింపి, మూలన చిల్లుల డ్రమ్ము పాతి, అర హెచ్‌పీ మోటారు పెట్టారు. గోతిలో పంపుకు ఉన్న పని ఇంతే.

మొదటిసారి పొంగిన చోట ఇసుక వదులై ఉంది. చూడటానికి పొడిగా, గట్టిగానే కనబడుతుంది. 12 ఎం.ఎం. కమ్మీ చేత్తో నొక్కితే మంచి ఇసుకలో నాలుగు అంగుళాలు దిగింది, పొంగిన నాలుగు గోతుల్లో రెండడుగుల దాకా దిగింది. అలాంటి నేల మీద ఫుటింగు వేస్తే ఇల్లు కట్టేటప్పుడే ఒక పిల్లరు దిగబడుతుంది. వదులు ఇసుకలో పై అడుగు తీసేశారు. మిగిలిన కింది అడుగు ఇసుక మీద తగినంత నీరు పోసి, అక్కడే ప్లేట్ వైబ్రేటరు నడిపి దాన్ని బిగించారు. తీసిన అడుగును శుభ్రమైన ముతక ఇసుకతో రెండు పొరలుగా, ఆరేసి అంగుళాల చొప్పున నింపి వైబ్రేటరుతో దింపారు. కమ్మీ మళ్లీ నాలుగు, ఐదు అంగుళాల దగ్గరే ఆగాక పీసీసీ (ఫుటింగు కింద పరిచే, కమ్మీ లేని కాంక్రీటు) పోశారు. ఇసుకను దిమ్మిసతో కొడితే పక్కలకు పారుతుంది. అది నీటితో, అదురుతో బిగిసేదే.

పీసీసీ 1:3:6, నాలుగు అంగుళాలు. ఫుటింగు కమ్మీకి కింద 50 ఎం.ఎం. కవరు, అంటే కమ్మీని కప్పే కాంక్రీటు మందం. ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు. కాంక్రీటు పోస్తుండగా గోతి మూల డ్రమ్ములోంచి గట్టిగా తోడితే, తాజా కాంక్రీటు కిందుగా నీరు పారి సిమెంటు పాలను కడిగేస్తుంది. ఫుటింగు అంచులో తెల్ల నీరు కనబడితే ఆ పంపు ఆపాలి. బయటి ఫిల్టర్ పాయింట్లు మాత్రం ఆపకూడదు.

తోడిన నీటిని కాంక్రీటు కలపడానికి వాడొచ్చా? కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 ప్రకారం కమ్మీ ఉన్న కాంక్రీటుకు నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు, సల్ఫేట్లు 400 మించకూడదు, పీహెచ్ 6కు తగ్గకూడదు. ఈ స్థలంలో నీరు ఆ హద్దుల్లోనే ఉంది. సఖినేటిపల్లి, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వంటి సముద్రం వైపు మండలాల్లో మొదటి రోజు పరీక్షతో సరిపెట్టుకోకూడదు. పైన తీపి నీరు, కింద ఉప్పు నీరు ఉన్న చోట రోజుల తరబడి లాగితే ఉప్పు పైకి లేస్తుంది. అక్కడ రోజూ నీరు పరీక్షించాలి, బోరు లోతూ తగ్గించాలి.

సంపు తేలడం

అదే విడతలో తాగునీటి సంపు కూడా వేయాల్సి వచ్చింది. బయటి కొలతలు 2.5 × 2.0 మీటర్లు, లోతు 1.8. గోడలు, అడుగు 150 ఎం.ఎం., పై స్లాబు 125. మొత్తం కాంక్రీటు 3.3 ఘనపు మీటర్లు, బరువు 8.2 టన్నులు. నీటి మట్టం నేలకు అర మీటరు కింద ఉంటే పైకి తోసే బలం 6.5 టన్నులు, సంపు నిలుస్తుంది. వానాకాలంలో నీరు నేల మట్టం దాకా వస్తే 9 టన్నులు, ఖాళీ సంపు లేస్తుంది. పై స్లాబు పడకముందైతే బరువు 6.7 టన్నులే, అర మీటరు మట్టానికే తేలడానికి అంచున ఉంటుంది. కడగడానికి సంపు ఖాళీ చేసిన రోజే అది లేచి పైపులు తెంపుకోవడం అందుకే.

విరుగుడు తేలికే. అడుగు స్లాబును నాలుగు వైపులా 200 ఎం.ఎం. బయటికి చాచారు. ఆ అంచు మీద కూర్చునే మట్టి, అదనపు కాంక్రీటు కలిసి నీళ్లలోనూ సుమారు 3 టన్నుల బరువు చేరుస్తాయి. నేల మట్టం నీటికి కూడా 9 టన్నులకు ఎదురు 11.3 వచ్చింది. స్లాబు వేసి చుట్టూ మట్టి నింపేదాకా ఆ వైపు బోరు ఆపలేదు. సెప్టిక్ ట్యాంకుకూ ఇదే లెక్క. దాన్ని లోతుగా కాక పొడుగ్గా కట్టడం ఇక్కడ మేలు.

పొరుగిల్లు

ఇసుకలో నీరు 1.68 మీటర్లు దిగితే పైనున్న బంక మీద, దాని మీది ఇళ్ల కింద, చదరపు మీటరుకు ఒకటిన్నర టన్నులకు పైగా అదనపు భారం పడినట్టే. బంక నెమ్మదిగా నొక్కుకుంటుంది కాబట్టి నెలల తరబడి తోడితే ప్రమాదం, రెండు వారాల్లో ముగిస్తే తక్కువ. పనిని సాగదీయకపోవడం వెనుక కారణం ఇదే. కమ్మీ కటింగు, సెంట్రింగు పలకలు అన్నీ తోడకం మొదలు కాకముందే సిద్ధం చేశారు.

మోటారు వేయకముందే పొరుగువారిని వెంటబెట్టుకుని వాళ్ల గోడల్లోని పాత బీటలన్నీ తేదీతో ఫోటోలు తీశారు. పెద్ద బీటలు నాలుగింటికి అడ్డంగా పలుచని గాజు ముక్కలు ప్లాస్టరుతో అంటించారు. గోడ కదిలితే గాజు పగులుతుంది, అక్కడ వాదన ఉండదు. నీళ్ల ట్యూబుతో మూడు చోట్ల లెవలు రోజూ చూశారు. తోడినన్నాళ్లూ గాజు పగల్లేదు. వాళ్ల చేతి పంపులో నీరు రెండో రోజే అందడం మానేసింది. రోజుకు రెండు డ్రమ్ములు నీళ్లు అందిస్తామని ముందే అనుకున్నారు కాబట్టి మాట పడలేదు. మొదటి ప్రయత్నంలో పగిలిన ప్రహరీ ఖర్చు ఇంటివారే పెట్టుకున్నారు.

ఆపిన తీరు

తోడకం మొత్తం 11 రోజులు. పిల్లర్ల మెడలు నేల మట్టానికి వచ్చి, గోతులు పొరలుగా నింపి, సంపు స్లాబు పడ్డాక ఒక్కసారిగా ఆపలేదు. రోజుకు రెండు వాల్వులు చొప్పున మూడు రోజుల్లో మూశారు. నీరు దూకుడుగా పైకి వస్తే కొత్తగా నింపిన మట్టి కుదురు తప్పి కుంగుతుంది.

బోర్ల చిల్లులు అలాగే వదిలేయడం ఇంకో తప్పు. బంక మూతకు ఆరు రంధ్రాలు పెట్టినట్టే. తర్వాతి వరదకు ఆ దారినే నీరు గచ్చు కిందికి చేరుతుంది. గొట్టాలు లాగేసి కింద ముతక ఇసుక, పైన ఐదడుగులు బంక ముద్దలు కూరి మూశారు. కాలువ వైపు ఒక బోరును మాత్రం ఇంటి అవసరాలకు ఉంచుకున్నారు. మధ్యలోని ఒక అంగుళం గొట్టాన్ని గచ్చు పైదాకా పొడిగించి మూత బిగించారు. తర్వాతి వేసవిలో కాలువలు కట్టేశాక అందులో నీటి మట్టం 5 అడుగుల 4 అంగుళాలు. అప్పుడు తవ్వి ఉంటే దించాల్సింది ఐదున్నర అడుగులు కాదు, 2 అడుగుల 8 అంగుళాలు.